అమ్ముడగుచున్న దీవి

ఇటీవల నొక ప్రకటనపత్రము నా చేతికి వచ్చినది. నున్నని కాగితము, పుటపుటకు రంగుల ఛాయాచిత్రములు. నీలసముద్రము, దాని యొడ్డున తెల్లని యిసుక, ఇసుకకు వెనుక కొబ్బరిచెట్ల నడుమ నొక విలాసగృహము, గృహమునకు ముందొక స్నానసరస్సు. హిందూమహాసముద్రమునందలి మారిషసు ద్వీపమున ఇట్టి గృహమును కొన్నవారికి ఆ దేశమున నివసించు నధికారము గూడ లభించుననియు, పన్నులు స్వల్పములనియు, ధర యేటేట పెరుగునే గాని తరుగదనియు అందు వ్రాయబడియున్నది. పత్రమును ఆమూలాగ్రముగ చూచితిని. 18 చిత్రములలో నొక్కదానియందును మనుష్యుడు కానరాలేదు. ఒక పడవ మాత్రము కలదు. అదియు నడుపువాడు లేక యొడ్డున కట్టబడియున్నది.

ఆ దీవి నిర్జనము కాదు. ప్రధానద్వీపపు వైశాల్యము 1,865 చదరపు కిలోమీటరులు. దేశమందలి జనసంఖ్య సుమారు 12½ లక్షలు. చదరపు కిలోమీటరునకు 600 మందికి మించి జనులు నివసించుచున్న ఆ చోట, ఖాళీగా పడియుండి కొనువానికొఱకు ఎదురుచూచు భూమి యనునది లేదు. అమ్ముడగు ప్రతి గజమును ఎవరి యింటిప్రక్కనో యున్నది, ఎవరో నడచు దారిలోనిది, ఎవరో చేపల వేటకు బోవు త్రోవలోనిది. ఆ జనులలో తెలుగువారి సంతతియు నున్నది. కోరంగిరేవునుండియు విశాఖపట్టణమునుండియు చెన్నపట్టణమునుండియు ఓడలెక్కి పోయినవారి మనుమల మనుమలు వారు. బర్మాలో వలెనే మారిషసులోను తెలుగువానికి ‘కోరంగీ’ యను పేరు వచ్చినది. ఇప్పుడీ పత్రము మనకు వచ్చినదనగా, ఆ కోరంగీల ముంగిటి భూమిని కొనుటకు మనలనే పిలుచుచున్నారన్నమాట. ఆ పిలుపును మన్నించుట మనకు తగదనియు, అంతకుమించి, భూమిని పరదేశపు ధనికులకు అమ్ముటయే యొక చిన్నదేశమునకు అభివృద్ధిమార్గమని చెప్పు సిద్ధాంతము అసత్యమనియు చెప్పుటకే నేనీ వ్యాసమునకు పూనుకొంటిని.

పత్రము మనకేల వచ్చినదో మొదట చెప్పవలయును. మన రిజర్వుబ్యాంకు నియమము ననుసరించి 2015 మొదలు ఒక్కొక్కరు ఏటికి 2,50,000 డాలర్ల వఱకు విదేశమునకు పంపుకొనవచ్చును. దానితో అక్కడ స్థిరాస్తి కొనవచ్చును. భార్యాభర్త లిరువురు కలసిన 5 లక్షల డాలర్లు. మారిషసు ప్రభుత్వము కొన్నవారికి నివాసాధికార మిచ్చుటకు మొదట నిర్ణయించిన కనిష్ఠపు ధరయు 5 లక్షల డాలర్లే. 2020లో దానిని 3,75,000 డాలర్లకు తగ్గించిరి. రెండు దేశముల లెక్కలు ఇట్లు సరిపోవుటచేత హైదరాబాదునందలి యొక ధనికకుటుంబము ఒక్క సంవత్సరమున ఆ దీవిలో నివాసి కాగలదు. అదే దీవిలో పుట్టి, అక్కడి బడిలో పాఠములు చెప్పి బ్రదుకు నుపాధ్యాయుడు జీవితకాలమున నట్టి గృహము వాకిలి దాటలేడు.

ఆ భూమి ఎవరి చేతిలోనుండి ఎవరి చేతికి పోవుచున్నదో తెలియవలెనన్న చరిత్రము కొంత చెప్పక తప్పదు. ఫ్రెంచివారి కాలమునను, 1810 తరువాత ఇంగ్లీషువారి కాలమునను అది చెఱకుదీవి. 1835 ఫిబ్రవరి 1వ తేదీన అక్కడ బానిసత్వము రద్దయినది. నష్టపరిహారముగ 20 లక్షల పౌనులకు పైగా ధనము చెల్లింపబడినది. చెల్లించినది బానిసలకు కాదు, బానిసల యజమానులకు. అంతకు పూర్వమే, 1834 నవంబరు 2వ తేదీన, ‘అట్లాసు’ అను ఓడలో 36 మంది హిందూదేశపు కూలీలు పోర్టులూయీ రేవున దిగిరి. తరువాత వచ్చినవారితో కలిపి వారి సంఖ్య సుమారు 4½ లక్షలైనది. వారిలో నధికులు బీహారు ప్రాంతమువారు. తెలుగువారును తమిళులును మహారాష్ట్రులును కలరు. ఒడంబడిక ఐదేండ్లకు, జీతము నెలకు ఐదు రూపాయలు, పైన బియ్యము, పప్పు, ఉప్పు. ఒకనాడు పనికి రానిచో రెండునాళ్ల జీతము కోత. తోట విడిచి బయటికి పోయిన ‘తిరుగుబోతు’ అని బంధించుటకు పోలీసులు సిద్ధము. 1871లో 9,401 మంది పాతకూలీలు తమ కష్టములను వ్రాయించి ప్రభుత్వమునకు విన్నపము పంపుకొనిరి. అందువలన రాజకీయవిచారణసంఘ మొకటి వచ్చినది.

నేటికిని ఆ దీవిలో చెఱకుచేల నడుమ నల్లరాళ్ల గుట్టలు కనబడును. అగ్నిపర్వతపు నేల గావున దున్నవలెనన్న రాళ్లు ఏఱవలయును. బానిసలును కూలీలును చేతులతో నేఱి పేర్చిన గుట్టలవి. శాసనస్తంభములపై రాజుల పేర్లుండును. ఈ గుట్టలపై నెవరి పేరును లేదు. ఇప్పుడు యంత్రములు వచ్చి వీనిని పెకలించుచున్నవి. ఆ దీవి నల్లరాయి విలాసగృహముల గోడలకు అలంకారముగ నతుకబడుట నేను చూచితిని.

పందొమ్మిదవ శతాబ్ది చివరిభాగమున చక్కెరధర పడిపోగా, తోటదొరలు తమ భూములలో అంచులనున్నవి, రాతినేలలు ముక్కలు చేసి కూలీలకు వాయిదాలపై నమ్మిరి. ఫ్రెంచిభాషలో దానిని ‘మోర్సెల్మాఁ’ అందురు. ముక్కలు చేయుట యని యర్థము. ఐదు రూపాయల జీతములో మిగిల్చి, స్త్రీల మెడలోని వెండి అమ్మి, మన జనులు ఆ ముక్కలను కొనిరి. ఆ కొనుగోలుతోనే కూలి రైతైనాడు. రైతు కొడుకు బడికి పోయినాడు. మనుమడు శాసనసభకు పోయినాడు. 1968 మార్చి 12వ తేదీన వచ్చిన స్వాతంత్ర్యమునకు వేళ్లు ఆ చెఱకుముక్కలలో నున్నవి. నేలను చిన్నచిన్న భాగములుగ పలువురి చేతికి పంచిన కాలమున ఆ దీవి జనులు ఎదిగిరి. ఇప్పుడు జరుగుచున్నది దీనికి విపర్యయము.

ఐరోపావారు 1975 నాటి ఒడంబడిక ప్రకారము మారిషసు చక్కెరను మంచిధరకు కొనుచుండిరి. 2006 మొదలు 2009 వఱకు ఆ ధరను నూటికి 36 వంతులు తగ్గించి, 2009లో ఆ ఒడంబడికను ముగించిరి. ఇది రానున్నదని ముందుగనే గ్రహించిన తోటకంపెనీలు చెఱకు కంటె భూమి లాభకరమని లెక్క వేసికొనినవి. 2002లో ‘ఇంటిగ్రేటెడ్ రిసార్టు స్కీము’, 2007లో ‘రియల్ ఎస్టేటు స్కీము’, 2015లో ఈ రెంటికి బదులు ‘ప్రాపర్టీ డెవలప్‌మెంటు స్కీము’, అదే యేట ‘స్మార్టు సిటీ’ పథకము. పేళ్లు మాఱినను వీని సారమొక్కటే: చెఱకుభూమిపై గోల్ఫుమైదానముతో గూడిన భవనములు కట్టి పరదేశీయులకు విక్రయించుట. 1975 నాటి చట్టము పౌరులు కానివారు భూమి కొనుటకు అడ్డు పెట్టియుండగా, ఈ పథకములు ఆ యడ్డునకు తలుపులు చెక్కినవి. 2016లో ఇంకొక తలుపు తెఱచిరి: రెండంతస్తులకు మించిన భవనములలో 60 లక్షల మారిషసు రూపాయలకు తక్కువగాని ధర యిచ్చి పరదేశీయుడు గది కొనవచ్చును.

ఇదే కాలమున కూలీల కేమి దొరకినది? తోటపని వదలి పోవుటకు సమ్మతించినవారికి 2001 నాటి పథకము ప్రకారము కొంత రొక్కమును, 7 ‘పెర్షు’ల నివేశనస్థలమును ఇచ్చిరి. పెర్షు మన లెక్కలో సుమారు 50 చదరపు గజములు. నూఱు పెర్షులు ఒక ‘ఆర్పాఁ’. అది యెకరముకంటె రవంత పెద్దది. అనగా ఒక జీవితకాలపు కొడవలిపనికి 350 గజములు. ఆ స్థలమును తక్కువ చేసి మాటాడుట నా యుద్దేశము కాదు. తల దాచుకొనుటకు చోటు చిన్నది కాదు. కాని కూలి చేతికి 7 పెర్షులు వచ్చి, కంపెనీ చేతిలో వేల ఆర్పాఁలు మిగిలి, ఆ వేల ఆర్పాఁలు డాలర్లలో నమ్ముడగుచున్నప్పుడు, ఉభయులును లాభపడిరి యనుట మాటల గారడి.

భాషయందే యొక విచిత్రము కలదు. తోటకూలీల గుడిసెల వరుసను ఆ దీవి క్రియోలుభాషలో ‘కాఁ’ అందురు. ధనికులు సెలవుదినములలో సముద్రపుటొడ్డున విశ్రమించు బంగళాను ‘కాఁప్మాఁ’ అందురు. రెండు మాటలకును మూలమొక్కటే. దండు విడియు తావని యర్థము. ఒకడు విధిలేక విడిసినాడు, ఒకడు వేడుకకు విడిసినాడు.

అక్కడి సామాన్యుని యిల్లెట్లుండునో చూడుడు. 1960 జనవరిలో ఆలిక్సు, ఫిబ్రవరిలో కారోలు అను రెండు తుపానులు వచ్చి గడ్డియిండ్లను, రేకుటిండ్లను ఊడ్చివేసినవి. నాటినుండి జనులు సిమెంటుమిద్దెలు కట్టసాగిరి. ఆ మిద్దెలపైన ఇనుపకడ్డీలు ఆకాశమునకు నిక్కి నిలిచియుండును. క్రొత్తగ పోయినవాడు పని సగములో నాగినదని తలచును. అది సగములో నాగిన పని కాదు. పెద్దకొడుకు పెండ్లియైన వెనుక వేయవలసిన అంతస్తు. తండ్రి క్రిందను, కొడుకు మీదను, చిన్నకొడుకు ఆ పైనను. వెనుకదొడ్డిలో కూతురి వంతు. ఫ్రెంచివారి సివిలుకోడు ననుసరించి కొడుకులకును కూతుండ్రకును సమభాగము గావున తాతగారి పది పెర్షులు మనుమల నాటికి గజములకు దిగును. వీధిమొగమున ‘తబజీ’ యను చిల్లరకొట్టు, ప్రక్కన డాలుపూరీల బండి, గోడనానుకొని తులసికోట. ఇట్టి వీధి పెరుగుటకు క్రొత్తనేల కావలయును. ఆ నేల యిప్పుడు దొరకుట లేదు; దొరకినను అందుట లేదు.

విలాసగృహముల ధర వేఱు, వీధిలోని పెర్షుధర వేఱు, ఒకదాని కొకటి సంబంధమేమని అడుగువారు కలరు. ఆర్థికశాస్త్రము చదివినవారే యిట్లడుగుట నాకాశ్చర్యము. ప్రక్కచేను డాలర్లలో పోయినదని చూచిన భూస్వామి తన చేను రూపాయలలో నేల అమ్మును? అతడు వేచియుండును. వేచియున్న భూమి అమ్మకమునకు రాదు. రానిదాని ధర పెరుగును. మోర్సెల్మాఁ చేయు వ్యాపారియు ఏడేసి పెర్షుల చిన్నముక్కలు నలువది మందికి అమ్ముటకంటె పెద్దముక్కలు పదిమందికి అమ్ముటయే సుఖమని తలచును. పశ్చిమతీరమున తామరెఁ, రివియేర్ న్వార్ ప్రాంతములలో బెస్తలును, ఉప్పుమడులలో పనిచేసిన స్త్రీలును కాపురమున్న పల్లెలచుట్టును ఎత్తైన గోడలు లేచినవి. వారి పిల్లలు అద్దెకైన ఇల్లు దొరకక లోపలియూళ్లకు పోయి, ప్రతిదినమును బస్సెక్కి మరల అక్కడికే తోటపనికిని కావలిపనికిని వచ్చుచున్నారు. జీతము రూపాయలలో, ధర డాలర్లలో నున్న చోట ఇంతకంటె వేఱొకటి జరుగదు.

ప్రతిపక్షమువారి వాదములలో బలమైనవి రెండు. చక్కెర పడిపోయినది, విదేశపు ధనము రాకున్న దేశమెట్లు నిలుచునన్నది మొదటిది. చదువు, వైద్యము ఉచితముగ నిచ్చుచు, వృద్ధులందఱకును పింఛను నిచ్చు దేశమది. దానికి సొమ్ము కావలయుననుట నిజమే. కాని సేద్యమునకు వచ్చు సొమ్ము ఏటేట వచ్చును; చేపకు వచ్చునది దినదినమును వచ్చును; నేల నమ్మగా వచ్చునది ఒక్కసారి వచ్చును. ఇల్లు కట్టునంతవఱకు తాపీవానికి పని. కట్టిన పిదప సంవత్సరమున నెక్కువ నెలలు తాళము వేసియుండు నింటికి ఒక కావలివాడు, ఒక తోటమాలి. కావున నొక తరమువారి జమాఖర్చు చక్కబెట్టుటకు తరువాతి తరముల మూలధనము తీసి ఖర్చు వ్రాయుచున్నారు. మన పల్లెలలో నిట్లు చేయు గృహస్థును ఊరివారేమందురో పాఠకులెఱుగుదురు.

రెండవది: ఆ దేశమున జననములు తగ్గుచున్నవి, పడుచువారు వలస పోవుచున్నారు, ఇండ్లెవరికి అన్న వాదము. వారేల పోవుచున్నారని తిరిగి యడుగవలయును. ఇల్లు కట్టుకొనలేనివాడు పెండ్లి వాయిదా వేయును. పెండ్లియైనవాడు బిడ్డలను వాయిదా వేయును. రెండును చేయజాలనివాడు విమానమెక్కును. దీనికి కారణములు ఇంకను కలవు, నేను కాదనను. కాని రోగమును పెంచుచు, రోగి యెటులును క్షీణించుచున్నాడు గదా యని అతని మంచము నమ్ముకొనుట వైద్యము కాదు.

నీటిమాట క్లుప్తముగ చెప్పెదను. వానలు వెనుకబడిన యేట ఆ దీవిలో కుళాయికి గంటల లెక్కను నీరు వచ్చును. బిందెలు పట్టుకొని యెదురుచూచు వీధికి కూతవేటు దూరమున గోల్ఫుపచ్చిక పచ్చగనే యుండును. ఆ నీరు వేఱుచోటినుండి వచ్చినదని చెప్పుదురు. నీరు ఆకాశమునుండి యొక్కచోటినుండియే వచ్చును.

ఇక సముద్రతీరము. ఇక్కడనే యీ విషయము మిక్కిలి స్పష్టముగ కనబడును. ఫ్రెంచివారు పూర్వము దీవి రక్షణార్థము తీరమునుండి యేబది కొలతయడుగుల నేలను ప్రభుత్వపుదిగ నిలుపుకొనిరి. ‘పా జియోమెత్రీక్’ అని దానికి పేరు. 1895 నాటి చట్టము ప్రకారము ఆటుపోట్ల పైగీటు నుండి 81 మీటర్ల 21 సెంటీమీటర్లకు తక్కువగాని వెడల్పున ఆ పట్టీ రాజ్యమునది, విక్రయింపరాదు. ఇంత మంచి చట్టము మనకును లేదు. విక్రయింపరానిదానిని అనుభవించుటకు మార్గమేమి? కౌలు. అరువదేండ్లంతటి దీర్ఘకాలపు కౌళ్లతో ఆ పట్టీలో చాలభాగము హోటళ్లకును కాఁప్మాఁలకును పోయినది. పైగీటునకు దిగువనున్న తడియిసుకపై నెవరికైనను నడచు హక్కు కలదు. కాని దానిని చేరుటకు దారి లేదు. గాలిలో ఎగిరి వచ్చువానికి మాత్రమే ఆ హక్కు పనికి వచ్చును.

ఆ దీవిలో కొన్నిదినములుండుట నాకు తటస్థించినది. ఒక యాదివారము నేనెఱిగిన తెలుగుకుటుంబముతో పశ్చిమతీరమునకు పోయితిని. అక్కడివారికి ఆదివారము సముద్రమునకు పోవుట విలాసము కాదు; మనకు కార్తికమాసమున వనభోజనముల వంటిది. అన్నపు డేగిసాలు, చాపలు, ముసలివారికి కుర్చీలు బండిలో వేసికొని వత్తురు. సరుగుడుచెట్ల నీడను చాపలు పఱచి భోజనము. ఆపైన మేకతోలు ‘రవాన్’ను మంటకు కాచి బిగించి వాయించుచు ‘సెగా’ పాట. తెలుగు, బీహారు, ఆఫ్రికా, చీనా సంతతివారందఱు నొక్కచెట్టు క్రిందివారే. పిల్లలు ఆడుకొనుచు ప్రక్కహోటలు నెదుటి యిసుకలోనికి పోయిరి. నల్లదుస్తుల కావలివాడొకడు వచ్చి, కోపముతో గాదు, మెల్లగనే, త్రాటికి ఇవతలికి పొండని చేయి చూపినాడు. ఆ త్రాడు చట్టములో లేదు, ఇసుకలో నున్నది. ఇంటి ముసలమ్మ క్రియోలులో నేమో యన్నది. బడిలో తెలుగు నేర్చిన మనుమరాలు నాకు దానిని పుస్తకపుతెలుగులో చెప్పినది: “బాబాయిగారూ, ఆ అబ్బాయి తాతయు మా తాతయు ఒకే తోటలో చెఱకు నఱికినారని మా అవ్వ చెప్పుచున్నది. అతని తప్పు కాదట.” ముసలమ్మ లేచి పిల్లలను పిలిచికొని వచ్చినది. పాట మరల సాగినది. నాకు మాత్రము ఆ త్రాడు కన్నులముందునుండి పోలేదు.

అందఱును ఆ ముసలమ్మవలె నోర్చుకొనలేదు. దక్షిణతీరమున పోంపొనేత్ అను సార్వజనికతీరమును ఆ జాబితానుండి తొలగించి హోటలునకు కౌలిచ్చినప్పుడు, 2016-17 సంవత్సరములలో జనులు అక్కడ చేరి యాందోళన సల్పిరి. ‘మా తీరములు దొంగిలించుట మానుడు’ అను నర్థమిచ్చు క్రియోలుమాటలే ఆ సంఘమునకు పేరు. తరువాత ప్రభుత్వము ఆ కౌలును రద్దుచేసినది. 2020 జూలై 25వ తేదీన ‘వకాషియో’ యను ఓడ పగడపుగట్టునకు తగిలి, ఆగస్టులో దానినుండి సుమారు వేయి టన్నుల నూనె నీటిలోనికి కాఱినది. అధికారులు చర్చించుకొనుచుండగనే వేలకొలది జనులు చెఱకాకును గోనెలలో కుక్కి, కుట్టి, త్రాళ్లకు కట్టి, నూనె నడ్డగించుటకు సముద్రములోనికి దిగిరి. సముద్రము ఎవరిదని ఆనాడు వారిని దస్తావేజు అడిగినవాడు లేడు.

ఇది మారిషసు కథ మాత్రమే కాదు. వెస్టిండీసులో బార్బుడా యను చిన్నదీవి కలదు. 1834లో బానిసత్వము తొలగిన వెనుక అక్కడి జనులు భూమిని పంచుకొనక అందఱిదిగనే యుంచుకొనిరి. 2007లో ఆ యాచారమే చట్టమైనది. 2017 సెప్టెంబరులో ఇర్మా తుపాను వచ్చి యిండ్లు కూల్చగా జనులనందఱిని ప్రక్కనున్న ఆంటిగ్వాకు తరలించిరి. ఇండ్లకు కప్పులు పడకమునుపే క్రొత్తవిమానాశ్రయమునకు నేల చదును చేయుటయు, ఉమ్మడిభూమి చట్టమును మార్చుటయు ఆరంభమైనవి. లండనులోని ప్రీవీకౌన్సిలు 2022లో ప్రభుత్వపక్షముననే తీర్పు చెప్పినది. అక్కడ తుపాను చేసిన పని, మారిషసులో చక్కెరధర చేసినది.

మనవారి సంగతి యిక చెప్పకున్న అన్యాయమగును. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు మారిషసులో జరిగినవి. ఆ దేశమున ఉగాది ప్రభుత్వపు సెలవుదినము. 1947లో స్థాపితమైన ఆంధ్రమహాసభ యున్నది. బడులలో తెలుగు చెప్పుదురు. ఇవి చూచి వచ్చినవారు కన్నీరు కార్చి వ్యాసములు వ్రాయుదురు. సముద్రములు దాటినను తెలుగు బ్రదికినదని పొంగిపోవుదురు. తెలుగు బ్రదికినచో బ్రదుకుగాక, తెలుగువాడు కాపురముండుటకు చోటున్నదా యని అడిగినవాడెవడును నాకు తారసపడలేదు. శాలువలు కప్పించుకొని వచ్చినవారి చేతికే రేపు ఈ నున్నని పత్రము వచ్చును. “పరాయిదేశమున పెట్టుబడి పెట్టుకొంటిమి, తప్పేమి?” అందురు. కోరంగిరేవున ఓడయెక్కినవానికి ఇక్కడ నేల లేదు గావున ఎక్కినాడు. ఇక్కడ నేలగలవాని మనుమడు పోయి అక్కడివాని నేలను గూడ కొనిన, ఆ మొదటివాడు రెండుసార్లు నేల పోగొట్టుకొన్నవాడగును.

ఏమి చేయవలయునని అడుగుదురు. భూమి కొనుటకును నివాసాధికారమునకును గల ముడిని విప్పవలయును. వైద్యుడు గాని, ఉపాధ్యాయుడు గాని, పనిమంతుడు గాని వచ్చి నివసింపగోరిన నివసింపనిండు. అతని పనినిబట్టి యిండు, సంచినిబట్టి కాదు. పరదేశీయునకు ఇల్లు కావలయునన్న కౌలు చాలును. ఆ దేశములోనిదే యగు రోడ్రిగ్సు దీవిలో భూమి యధికభాగము రాజ్యపుది, జనులు కౌలుమీదనే తరతరములుగ ఇండ్లు కట్టుకొని బ్రదుకుచున్నారు. కంపెనీ కొనుగోలుదారులకు అది చాలకుండుటకు కారణము లేదు. చెఱకుభూమిని ఇండ్లస్థలముగ మార్చుట కనుమతి యిచ్చునప్పుడెల్ల, అందొక నియతభాగము అక్కడి రూపాయజీతగానికి అందు ధరకు విడువవలయును; రాళ్లున్న మూలలోగాక, మంచినేలయందు. హోటలు కౌలు పునరుద్ధరణకు వచ్చినప్పుడు తీరమునకు త్రోవ చూపనివానికి కౌలుండరాదు. మన తెలుగుసంఘముల విషయమన్న, మరల నచ్చటికి ప్రతినిధులుగ పోవువారు పద్యపఠనములకు పెట్టు కాలములో ఒక పూట ఆ వీధులలో నడచి, ఇనుపకడ్డీలు నిక్కియున్న మిద్దెలలో నొకదానియందు కూర్చుండి, పై యంతస్తు ఎన్నడు వేయుదురని అడిగి రావలయును.

పత్రమును పంపిన వ్యాపారులకు నేనొక జాబు వ్రాసితిని. ఆ గృహసముదాయమునకు వెనుకనున్న గ్రామమువారు సముద్రమునకు బోవు త్రోవ మీ పటములో నెచ్చట నున్నదో గుర్తించి పంపుడని కోరితిని. పదిదినములకు మఱియొక పటము వచ్చినది. ముందటికంటె పెద్దది, రంగులును హెచ్చు. గోల్ఫుమైదానము, పడవలరేవు, కావలిగది, పదునాలుగు రకముల గృహములు అందు గుర్తింపబడియున్నవి. గ్రామముండవలసిన చోట పచ్చరంగు పూసియున్నారు.